వాయిదాకి అతను రాకపోతే, నోటీసు మీకు!

ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వల్ల జనానికి ఉపయోగాలు మూడు. పిల్లాడు ఏ బ్రాంచి తీసుకోవాలో చెప్పడం, ఫోను మొరాయిస్తే చూసిపెట్టడం, ఎక్కడైనా అవసరమైతే సంతకం పెట్టడం. మొదటి రెండింటితో పెద్ద ప్రమాదం లేదు :) ఈ టపా మూడోదాని గురించి.

బ్యాంకు అప్పుకి గ్యారంటీ సంతకం అంటే మనవాళ్ళు ఇప్పుడు నాలుగుసార్లు ఆలోచిస్తున్నారు. సిబిల్ స్కోరు పుణ్యమా అని ఆ భయం వచ్చింది. కానీ కోర్టులో ఎవరికైనా బెయిలుకి షూరిటీ ఉండమంటే మాత్రం "ఫార్మాలిటీయే కదా, ఏముంది" అని వెళ్ళి పెట్టేస్తారు. శాలరీ స్లిప్ ఉన్నవాడి సంతకానికి విలువెక్కువ కాబట్టి మన దగ్గరికే వస్తారు కూడా. ఆ కాగితంలో ఏముందో చదివి సంతకం పెట్టేవాళ్ళు బహు తక్కువ. ఏముంటుందంటే, ఫలానా వ్యక్తి ఈ కేసులో పిలిచినప్పుడల్లా కోర్టుకి వస్తాడు, రాకపోతే ఇంత సొమ్ము ప్రభుత్వానికి నేను కట్టుకుంటాను అని. అంతే. అతను నేరం చేశాడా లేదా అన్నదానితో ఆ కాగితానికి సంబంధమే లేదు.

మరి అతను రాకపోతే? ఒక్క వాయిదా తప్పితే డబ్బు పోయినట్టేనా? పోయినట్టు కాదు, పోకూడదు కూడా అన్నది నా వాదన. చట్టం చెప్పేది కూడా దాదాపు అదే. తేడా అంతా ఆచరణలో వస్తోంది.

ముందు మా వైపు సంగతి కాస్త చెప్పాలి. తడ అంటే చెన్నై కుర్రాళ్ళకి ఉబ్బలమడుగు జలపాతం, లారీ డ్రైవర్లకి బి.వి.పాళెం చెక్‌పోస్టు. హైవే మీద ఆంధ్రాలో ఆఖరి మండలం, దాటితే ఆరంబాకం, అంటే తమిళనాడు. 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి తిరుపతి జిల్లా. పొద్దున్నే రైలెక్కి చెన్నై వైపు పనికి పోయేవాళ్ళు, శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు, పులికాట్ సరస్సు మీద బతికే మత్స్యకారులు... ఇదీ ఊరు. సరిహద్దు కాబట్టి కేసులు కూడా సరిహద్దు కేసులే. రేషన్ బియ్యం, మద్యం, గంజాయి, ఎర్రచందనం. హైవే మీద యాక్సిడెంట్లు సరేసరి. నిందితుడిది ఒక రాష్ట్రం, కేసు ఇంకో రాష్ట్రంలో, షూరిటీ ఉన్నవాడిది మూడో ఊరు. వాయిదాలు తప్పడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదేమో.

నాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన ఉన్నారు. చిన్న రైతు. పక్కింటి కుర్రాడి మీద కొట్లాట కేసు పడితే, ఇరవై వేల బాండుకి షూరిటీ ఉన్నారు. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదు ఇచ్చి సంతకం చేసి ఆ సంగతే మర్చిపోయారు. కుర్రాడికి చెన్నై అవతల ఏదో ఫ్యాక్టరీలో పని దొరికింది. మొదటి రెండు వాయిదాలకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. మూడోసారి జడ్జిగారు సెలవులో ఉంటే తేదీ మారింది. మారిన తేదీ వీడికి చేరలేదు. ఆ రోజు కోర్టులో పేరు పిలిచారు, పలికేవాడు లేడు. నాన్‌బెయిలబుల్ వారెంటు. తర్వాత కొన్నాళ్ళకి పెదనాన్న ఇంటికి నోటీసు. ఆ రోజు రాత్రి నాకు ఫోన్ చేశారు. "ఏంది నాయనా ఇది, నేనేం తప్పు చేశానని నాకు కాగితం?" అని.

తప్పేమీ చెయ్యలేదు. కుర్రాడూ పారిపోలేదు. ఫోన్ చెయ్యగానే వచ్చి కోర్టులో నిలబడి వారెంటు రీకాల్ చేయించుకున్నాడు. నోటీసుకి జవాబిచ్చాక పెదనాన్న విషయమూ సర్దుకుంది. కానీ ఈ లోపల వకీలు ఫీజు, పొలం పని మానుకుని తిరిగిన రోజులు, నలుగురిలో "ఫలానా ఆయనకి కోర్టు నోటీసంట" అన్న మాట... వీటిని ఏ ఆర్డరూ తిరిగివ్వదు. మళ్ళీ ఎవరికైనా షూరిటీ ఉండమంటే ఆయన దండం పెట్టి తలుపేసుకుంటారు. నన్నడిగితే అసలు నష్టం అది.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. కొంచెం ఓపిక పట్టండి, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు కంటే సులువుగానే ఉంటుంది.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 446వ సెక్షను. 2024 జులై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 491వ సెక్షను. నంబరు మారింది గానీ అల్గారిథమ్ అదే.

మొదటి మెట్టు, బాండు షరతు నిజంగా తప్పారని కోర్టుకి రుజువు కావాలి. ఆ రుజువుకి ఆధారాలేమిటో కోర్టు రాసిపెట్టాలి. ఇది రాయాల్సిందే, ఐచ్ఛికం కాదు. నిందితుడి తరఫున వకీలు ఆ రోజు హాజరు మినహాయింపు పిటిషను వేసి, కోర్టు దాన్ని ఒప్పుకుంటే అసలు తప్పడమే జరగలేదన్నమాట. పాత కోడ్‌లో 317, ఇప్పుడు 355వ సెక్షను కింద ఆ వీలుంది.

రెండో మెట్టు నోటీసు. బాండు రాసినవాళ్ళని "సొమ్ము కట్టండి, లేదా ఎందుకు కట్టనక్కర్లేదో కారణం చెప్పండి" అని కోర్టు అడగవచ్చు. గమనించండి, "అడగవచ్చు" అనే ఉంది. అడిగి తీరాలని లేదు.

మూడో మెట్టు, చెప్పిన కారణం సరిపోదని కోర్టు అనుకుంటేనే వసూలు. ఆ వసూలు జరిమానా వసూలు చేసినట్టే ఉంటుంది. చరాస్తుల జప్తు, లేదంటే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా రాబట్టడం. అలా కూడా రాకపోతే షూరిటీని ఆరు నెలల దాకా సివిల్ జైల్లో పెట్టొచ్చు. అవును, మీరు సరిగ్గానే చదివారు. నేరం చేశాడో లేదో తేలని ఒకడు కోర్టుకి రానందుకు, నేరంతో ఏ సంబంధమూ లేని ఇంకొకడికి జైలు.

నాలుగో మెట్టు, కారణాలు రాసి ఆ సొమ్ములో కొంత భాగాన్ని మాఫీ చేసే అధికారం కోర్టుకి ఉంది. ఐదోది అప్పీలు. మెజిస్ట్రేటు ఆర్డరు మీద సెషన్స్ కోర్టుకి వెళ్ళొచ్చు.

ఇన్ని మెట్లు ఎందుకు పెట్టినట్టు? ఒక్క గైర్హాజరుని పట్టుకుని నేరుగా వసూలుకి దూకకూడదనే కదా. 1960లోనే గులాం మెహదీ వర్సెస్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. షూరిటీకి కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా సొమ్ము కట్టమనడం చెల్లదు అని. అప్పటికి 1898 నాటి పాత కోడ్ నడుస్తోంది. అంటే మూడు కోడ్‌ల కాలం నుంచీ ఈ నియమం ఉన్నట్టే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇద్దరు షూరిటీలుంటే సొమ్ము చెరి సగం అనుకుంటారు. కాదు. ఎవరి బాండు వాళ్ళదే, ఎవరి బాధ్యత వాళ్ళదే అని 1999లో మహమ్మద్ కుంజు వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై వేల బాండుకి ఇద్దరుంటే ఇద్దరికీ చెరో ఇరవై వేలు పడొచ్చు. నిందితుడు తన సొంత బాండు మీద కట్టేది వేరే లెక్క.

పైగా షరతు తప్పినందుకు బాండు ఫర్‌ఫీట్ అయితే, ఆ కేసులో రాసిన బాండ్లన్నీ దానంతటవే రద్దయిపోతాయి. అంటే కుర్రాడు తిరిగొచ్చినా మళ్ళీ కొత్త షూరిటీలని వెతుక్కోవాలి. ఒకసారి నోటీసు అందుకున్న ఊళ్ళో కొత్త షూరిటీ ఎక్కడ దొరుకుతాడు?

ఇక నా అభిప్రాయానికొస్తా. బాండు పెట్టింది మనిషిని రప్పించడానికి, ఖజానాకి ఆదాయం కోసం కాదు. కాబట్టి ఫర్‌ఫీట్ చేసే ముందు కోర్టు అడగాల్సిన ప్రశ్న "ఆ రోజు వచ్చాడా?" ఒక్కటే కాదు, "పారిపోయాడా?" అని కూడా. ఈ రెండూ ఒకటి కాదు. మన భాషలో చెప్పాలంటే, సర్వరు ఒక్క పింగ్‌కి పలకలేదని దాన్ని చచ్చిపోయిందనుకుని తీసి పారెయ్యం కదా. మళ్ళీ పింగ్ చేస్తాం. నెట్‌వర్క్ చూస్తాం. లాగ్స్ చూస్తాం. అప్పుడు గానీ ఒక నిర్ణయానికి రాం. వారెంట్ల విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇలాంటిదే. ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంటు, కావాలనే తప్పించుకుంటున్నాడని తేలితేనే నాన్‌బెయిలబుల్ అని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో క్రమం చెప్పింది. మనిషిని పట్టుకురావడానికే అంత మెట్లు మెట్లుగా వెళ్ళమన్నప్పుడు, పక్కనున్న పూచీదారు మీద ఒక్క దూకు దూకడం ఎందుకు?

"అలా జాలి పడుతూ కూర్చుంటే ఎవడూ కోర్టుకి రాడు" అంటారు కొందరు. ఆ మాటని తేలిగ్గా కొట్టెయ్యను. నిందితుడు రాకపోతే ఆ రోజు సాక్షి వచ్చి వెనక్కి పోతాడు. రెండోసారి కూలి పోగొట్టుకుని వస్తాడు. మూడోసారి రాడు. అక్కడితో కేసు చచ్చిపోతుంది. దెబ్బలు తిన్నవాడికి, మోసపోయినవాడికి అది అన్యాయమే. బాండుకి పళ్ళుండాలి, కాదనను. పైగా బెయిలు మీద ఉండి సరైన కారణం లేకుండా హాజరు కాకపోవడం దానికదే ఒక నేరం. అప్పట్లో ఐపీసీ 229ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 269. ఏడాది దాకా శిక్ష ఉంది. తప్పించుకున్నవాడి మీద వాడండి ఆ సెక్షను, ఎవరొద్దన్నారు?

నా బాధల్లా ఆ పళ్ళు ఎవరిని కరుస్తున్నాయనే. పారిపోదామని ముందే అనుకున్నవాడు మా పెదనాన్న లాంటివాళ్ళని షూరిటీగా పెట్టడు. అద్దె షూరిటీని తెచ్చుకుంటాడు. దొంగ ఇంటిపన్ను రసీదులు, నకిలీ పాసుపుస్తకాలు, ఒకే మనిషి పది కేసుల్లో జామీను... ఇలాంటి ముఠాలు పట్టుబడ్డ వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? ఎంతమందికి షూరిటీ ఉన్నాడో ప్రతి షూరిటీ కోర్టుకి ప్రకటించాలని 2005 సవరణలో ప్రత్యేకంగా 441ఏ పెట్టాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి. అలాంటివాడికి నోటీసు పంపితే "ఈ చిరునామాలో ఎవరూ లేరు" అని తిరిగొస్తుంది. నోటీసు చేరేది నిజమైన ఇంటి నంబరు, నిజమైన పొలం ఉన్నవాడికే. అంటే ఈ శిక్ష పనిచేసేది నిజాయితీగా సంతకం పెట్టినవాడి మీద మాత్రమే!

ఈ అద్దె షూరిటీలు ఎక్కడినుంచి పుట్టుకొస్తున్నారంటే, నా లెక్కలో ఒక పెద్ద కారణం "లోకల్ షూరిటీ కావాలి" అనే పట్టుదల.

1978లో మోతీరాం కేసు అని ఒకటి వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రి. సాక్షాత్తూ సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. కింద మెజిస్ట్రేటు పదివేల షూరిటీ అడిగాడు. తమ్ముడో అన్నో, తోడబుట్టినవాడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. అతను మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో వేసిన ప్రశ్న మనబోటివాళ్ళ గురించే. ఒక మలయాళీనో, కన్నడిగుణ్ణో, తమిళుణ్ణో, తెలుగువాణ్ణో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే, అక్కడ ఆస్తులున్న షూరిటీని ఎక్కడినుంచి తేగలడు అని. చివరికి వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలెయ్యమన్నారు.

ఆ తీర్పొచ్చి ఎన్నో ఏళ్ళయినా 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ అదే మాట చెప్పాల్సి వచ్చింది. బెయిలొచ్చి కూడా జైల్లోనే ఉండిపోతున్నవాళ్ళ గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో, లోకల్ షూరిటీ కావాలనడం ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి షరతు పెట్టొద్దని రాసింది. బెయిలిచ్చిన నెలలోపు బాండు ఇవ్వలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టే తనంతట తాను చూడొచ్చని కూడా అంది.

మన జిల్లాకి దీన్ని అన్వయించి చూడండి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో దొరికేవాళ్ళలో చాలామంది తిరువణ్ణామలై, జవ్వాదు కొండల వైపు నుంచి వచ్చిన తమిళ కూలీలు. అలాంటి కూలీకి తిరుపతిలో పొలమున్న స్నేహితుడు ఎక్కడుంటాడు? ఉండడు. కాబట్టి రెండే దారులు. జైల్లో ఉండిపోవడం, లేదా డబ్బిచ్చి ముక్కూ మొహం తెలియని లోకల్ షూరిటీని కొనుక్కోవడం. కొనుక్కున్నాక ఆ షూరిటీకి ఇతని ఊరు తెలియదు, ఫోన్ నంబరు తెలియదు, భాషా రాదు. వాయిదాకి రప్పించమంటే ఎలా రప్పిస్తాడు? అదే సొంత ఊళ్ళో అన్న షూరిటీగా ఉంటే, పొద్దున్నే లేపి బస్సెక్కించి పంపేవాడు. లోకల్ అన్న ఒక్క అర్హత చూసుకుని, మనిషిని రప్పించగల అసలు అర్హతని వదిలేస్తున్నాం.

"దొంగల గురించి ఇంత బాధెందుకు" అనేవాళ్ళ కోసం ఒక్క సంగతి. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులని చంపేశారు. దారుణమైన ఘటన. ఆ కేసులో వందల మంది తమిళ కూలీలని పట్టుకున్నారు. చాలామంది రెండేళ్ళకి పైగా జైల్లోనే ఉన్నారు. 2016లో తిరుపతి కోర్టు వాళ్ళని నిర్దోషులని వదిలేసింది. ఆ అధికారుల కుటుంబాలకీ న్యాయం జరగలేదు, ఈ కూలీలకి పోయిన రోజులూ తిరిగి రాలేదు. బెయిలు మీద ఉన్నవాడిని, బెయిలు కోసం చూస్తున్నవాడిని నేరస్థుడనే లెక్కలో చూడకూడదనడానికి మన జిల్లాలోనే ఇంత పెద్ద ఉదాహరణ ఉంది.

బయట దేశాల్లో ఎలా ఉందో కూడా చూద్దాం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి బెయిల్ బాండ్ కంపెనీల బోర్డులు తెలిసే ఉంటాయి. అక్కడ అది వ్యాపారం. ఆ వ్యాపారాన్ని నేను మెచ్చుకోను. 2023 సెప్టెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రం డబ్బు కట్టించుకునే బెయిలునే పూర్తిగా ఎత్తేసింది. కానీ కాలిఫోర్నియా చట్టంలో ఒకటి మాత్రం నాకు నచ్చింది. అక్కడ నిందితుడు రాకపోతే కోర్టు బాండు ఫర్‌ఫీట్ అని ప్రకటిస్తుంది. కానీ 30 రోజుల్లోగా షూరిటీకి నోటీసు పోస్టు చెయ్యాలి. చెయ్యకపోతే షూరిటీ బాధ్యత పోయినట్టే! నోటీసొచ్చాక 180 రోజుల గడువుంటుంది. ఆ లోపల నిందితుడు తిరిగి హాజరైతే ఫర్‌ఫీట్ ఆర్డరు రద్దు. రాకపోవడానికి సరైన కారణం ఉండొచ్చని జడ్జికి అనిపిస్తే, ఫర్‌ఫీట్ చెయ్యకుండా కొంతకాలం ఆగే వీలు కూడా ఉంది. అంటే అక్కడ లాభాల కోసం నడిచే కంపెనీకి గడువుంది. ఇక్కడ మొహమాటానికి సంతకం పెట్టిన రైతుకి గడువు అంటూ చట్టంలో లేదు, అంతా జడ్జిగారి దయ.

ఇంకోటి. న్యూయార్కులో చిన్న నేరాల సమన్ల మీద ఒక ప్రయోగం చేశారు. 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. తేదీ, చోటు స్పష్టంగా కనబడేలా సమన్ల ఫారాన్ని మార్చితే గైర్హాజరు 13 శాతం తగ్గింది. ఫోనుకి గుర్తుచేసే మెసేజిలు పంపితే 21 శాతం తగ్గింది. జైలు భయం పెంచలేదు, బాండు సొమ్ము పెంచలేదు. ఉత్త మెసేజి! అంటే రానివాళ్ళలో చాలామంది ఎగ్గొట్టేవాళ్ళు కాదు, మర్చిపోయినవాళ్ళూ తెలియనివాళ్ళూను.

మన దగ్గర ఈకోర్ట్స్ ఉంది. కేసుకో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరుంటుంది. అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో యాప్‌లో కనబడుతుంది. మెసేజిలు పంపే ఏర్పాటూ ఉంది. ఇంత ఉన్నప్పుడు, మనిషిని రప్పించే బాధ్యత నెత్తిన పెట్టుకున్న షూరిటీకి కూడా ప్రతి తేదీ మెసేజి వచ్చేలా చెయ్యడం ఎంత పని? బాండు రాయించుకునేటప్పుడు ఫోన్ నంబరు తీసుకుని సిస్టంలో ఒక వరస చేర్చడమే కదా. మానిటరింగ్ డ్యూటీ మనకి వేసి, అలర్టులు మాత్రం ఇంకెవరికో పంపితే ఏ సిస్టమైనా ఇలాగే ఏడుస్తుంది.

నా మటుకు నాకు కావాల్సినవి ఇవి:

1. ప్రతి వాయిదా తేదీ షూరిటీకి మెసేజిగా వెళ్ళాలి. తేదీ తెలియజేసిన దాఖలా లేకపోతే షూరిటీ మీద ఫర్‌ఫీట్ నోటీసు ఉండకూడదు.

2. మొదటిసారి తప్పితే నోటీసు కాదు, గడువు. "ముప్పై రోజుల్లో తీసుకురండి" అనాలి. తీసుకొస్తే అక్కడితో అయిపోవాలి.

3. సొమ్ము విషయంలో తేడా చూడాలి. నిందితుడు తిరిగొస్తే నామమాత్రం, లేదా ఏమీ వద్దు. షూరిటీ ప్రయత్నించినా దొరక్కపోతే కొంత భాగం. షూరిటీయే కుమ్మక్కై పంపించేస్తే మొత్తం. మాఫీ చేసే అధికారం చట్టంలో ఎలాగూ ఉంది, దాన్ని వాడమనే అడుగుతున్నా.

4. లోకల్ షూరిటీ పట్టుదల మానాలి. మనిషిని ఎరిగినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే.

5. తప్పుకునే దారి ఉందని షూరిటీకి సంతకం రోజునే చెప్పాలి. పాత కోడ్‌లో 444, ఇప్పుడు 489వ సెక్షను కింద షూరిటీ ఎప్పుడైనా "నన్ను విడుదల చెయ్యండి" అని కోర్టుని అడగొచ్చు. అప్పుడు కోర్టు నిందితుణ్ణి వారెంటు మీద రప్పించి వేరే షూరిటీ తెచ్చుకోమంటుంది. కుర్రాడు ఫోనెత్తడం లేదు, ఇల్లు మార్చేశాడు అని తెలియగానే చెయ్యాల్సిన పని ఇది. ఇలాంటి సెక్షనుందని షూరిటీలకి చెప్పేవాళ్ళెవరు?

మనవాళ్ళలో ఇంకో రకం కేసులున్నాయి, అవీ చెప్పాలి. భార్యాభర్తల గొడవ కేసులో బెయిలు మీద ఉన్న ఇంజనీరు, కోర్టు అనుమతి తీసుకుని ఆన్‌సైట్ వెళ్తాడు. షూరిటీలు ఇక్కడ తల్లిదండ్రులో, రూమ్మేటో. వాయిదా వస్తుంది. వీసా స్టాంపింగ్ అంటాడు, ప్రాజెక్ట్ గో-లైవ్ అంటాడు, రాడు. నోటీసు డెబ్బై ఏళ్ళ తండ్రికి వస్తుంది. ఇక్కడ నా సానుభూతి తండ్రికే గానీ కొడుక్కి లేదు. తేదీ తెలిసి, టికెట్టు కొనుక్కునే స్తోమత ఉండి, మెయిల్ చూసుకునే తీరిక ఉండి రాకపోవడం వేరు, ఫ్యాక్టరీ షిఫ్టులో తేదీ తెలియక రాకపోవడం వేరు. అవతల అమ్మాయి కూడా అదే కోర్టు కోసం సెలవులు పెట్టుకుని తిరుగుతోందని మర్చిపోవద్దు. రాలేకపోతే ముందే వకీలు చేత పిటిషను వేయించండి. కొత్త సంహితలో 530వ సెక్షను విచారణలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపడానికి వీలిచ్చింది, దాన్ని అడగండి. ఏమీ చెయ్యకుండా ఊరుకుని, నాన్నగారి చేత కారణం చెప్పించుకోవడం మాత్రం బాగోదు.

ఇక ఎవరైనా మిమ్మల్ని షూరిటీ ఉండమంటే? ఉండొద్దని చెప్పను. బెయిలొచ్చి కూడా షూరిటీ దొరక్క లోపలే ఉండిపోయేవాళ్ళున్న దేశం ఇది. తెలిసినవాడి కోసం నిలబడటం మంచి పనే. కాకపోతే కళ్ళు తెరుచుకుని నిలబడండి. బాండు సొమ్మెంతో చూసుకోండి, అంతా మీ ఒక్కరిదే అనుకునే చూసుకోండి. సీఎన్ఆర్ నంబరు రాసుకోండి. వకీలు ఫోన్ నంబరు తీసుకోండి. వాయిదా ముందు రోజు ఆ మనిషికి ఒక్క ఫోన్ కొట్టండి. నోటీసొస్తే మాత్రం పక్కన పడెయ్యకండి. అది సొమ్ము కట్టమనే ఆర్డరు కాదు, కారణం చెప్పమనే అవకాశం. ఊరుకుంటేనే అది ఆర్డరవుతుంది.

కోర్టులని అడిగేది కూడా అంతే. చట్టం "అడగవచ్చు" అన్నచోట "అడిగి తీరాలి" అని చదవొద్దు. మనిషి తిరిగొచ్చాడంటే బాండు తన పని తాను చేసినట్టే. ఆ తర్వాత కూడా డబ్బు తీసుకుంటే, రేపు బీదవాడి పక్కన షూరిటీగా నిలబడేవాడు ఉండడు. అప్పుడు మిగిలేది అద్దె షూరిటీలే, వాళ్ళకి నోటీసులు ఎలాగూ చేరవు.

మీరెప్పుడైనా షూరిటీ ఉన్నారా? ఉంటే ఆ కేసు తర్వాతి వాయిదా ఎప్పుడో చెప్పగలరా?